చుట్ట ఏ వైపు కాలుస్తావమ్మా?

(విశాఖపట్నంలో వైద్య అధ్యాపకులకు పరిశోధన పద్ధతులపై జరిగిన శిక్షణ శిబిరం మొదటి రోజు ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న అధ్యాపక మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, జ్యోతి వెలిగించడం, బొకేలు, శాలువాలు అయ్యేసరికే పదకొండు దాటింది. నాకు కప్పిన శాలువా కుర్చీ మీద పెట్టేశాను, ఏమీ అనుకోకండి. వైజాగ్ ఉక్కపోతలో శాలువాతో మాట్లాడటం నా వల్ల కాదు.

నాకిచ్చిన అంశం 'వైద్య అధ్యాపకులకు పరిశోధన పద్ధతుల ఆవశ్యకత'. ఆవశ్యకత మీకు నేను చెప్పాలా? నేషనల్ మెడికల్ కమిషన్ 2022 నిబంధనల్లోనే పెట్టింది. ప్రమోషన్ కావాలంటే పేపర్లుండాలి, బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు పాసవ్వాలి. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడమియాలజీ వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే కోర్సు అది. వీడియో ఆన్ చేసి పక్కన ఓపీ చూసుకున్నవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నేను అడగను. ప్రమోషన్ కోసం వచ్చినా తప్పేం లేదు, అందరం ఈఎంఐలు కట్టుకునేవాళ్లమే. వచ్చినందుకు ఒక్క పని నేర్చుకుని వెళ్లండి. రోగిని అడగడం, చెప్పింది చెప్పినట్టు రాయడం.

నవ్వుతున్నారు. ఇరవై ఏళ్లుగా హిస్టరీ, అదే రోగిని అడిగి జబ్బు వివరాలు, తీస్తున్నాం, ఇప్పుడు నువ్వొచ్చి నేర్పుతావా అని. సరే, వినండి.

నేను పీజీ చేసే రోజుల్లో జాలారిపేట నుంచి ఒకావిడ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. నోరు మండుతోందంది. టార్చి వేసి చూస్తే అంగిలి అంతా తెల్లగా మందంగా ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. మా హౌస్ సర్జన్ కేస్ షీట్లో అప్పటికే 'స్మోకింగ్: నో' అని రాసేశాడు. అడిగావా అంటే, ఆడమనిషి కదా సార్ అన్నాడు. మా సారు ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని, "చుట్ట కాలుస్తావా అమ్మా?" అన్నారు. "కాలుస్తాను బాబూ." "ఏ వైపు?" ఆవిడ ఈయన్ని ఎగాదిగా చూసి, "నిప్పు లోపలికే. బయటెడితే గాలికి ఆరిపోద్ది కదా" అంది.

అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఎరగని ఇల్లు లేదు. ఆ రెండో ప్రశ్న మా సారు కనిపెట్టింది కాదు. ముంబయిలో ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు కలిసి 1945లోనే ఈ చుట్ట క్యాన్సర్ గురించి రాశారు. అదే వ్యాసంలో ధోవతి ముడి బిగించే చోట వచ్చే క్యాన్సర్, ఖైనీ పెట్టుకునే చోట వచ్చే క్యాన్సర్ కూడా ఉన్నాయి. 1957లో మన ఆంధ్ర మెడికల్ కాలేజీ నుంచే డి. జి. రెడ్డి, వి. కె. రావు గార్లు కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధం మీద పేపరు రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం 10,169 మంది పల్లెవాళ్ల నోళ్లు చూసి, అంగిలి మీది మార్పులు లెక్కగట్టి బ్రిటిష్ జర్నల్లో అచ్చేసింది. డెన్మార్క్ ఆయన, ఆ పిండ్‌బోర్గ్, మన పల్లెలకొచ్చి అంగిళ్లు చూశాడండీ! మనం మన ఓపీలో 'నో' అని రాసుకున్నాం.

ఇక్కడ నా గోడు ఒకటి వినాలి. ఆర్గనైజర్లు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి. నేను పనిచేసిన ఒక కాలేజీలో, ఏదో చెప్పను, నా స్టూడెంట్ ఒకమ్మాయి అంగిలి క్యాన్సర్ మీద థీసిస్ చేస్తానంది. చాలా సంతోషించాను. రికార్డు రూముకెళ్లాం. ఎర్రగుడ్డలో కట్టిన మూటలు. కొన్ని ఎలుకలు కొట్టేశాయి, కొన్ని చెమ్మకు అంటుకుపోయాయి. మిగిలినవి దులిపి చూస్తే, మగవాళ్ల షీట్లలో 'స్మోకింగ్: యస్'. బీడీనా, చుట్టా? రోజుకెన్ని? ఏ వయసు నుంచి? నిప్పు ఏ వైపు? ఏమీ లేదు. ఆడవాళ్లవి దాదాపు అన్నీ 'నో'. అంగిలి మీద పుండుతో వచ్చిన అరవై ఏళ్ల పల్లె ఆడమనిషికి కూడా 'నో'. ఆ పిల్ల నేల మీదే కూర్చుండిపోయింది.

అప్పుడు నేను కేస్ షీట్లో రెండు లైన్లు కలపమని కాగితం పెట్టాను. అచ్చయిన ఫారాలు అయిపోయాక చూద్దామన్నారు. నేను రిటైరయ్యే దాకా ఆ ఫారాలు అయిపోలేదు! ప్రభుత్వంలో మందులైపోతాయి, సెలైన్లైపోతాయి, ఫారాలు మాత్రం అయిపోవు. ఆ అమ్మాయి చివరికి వంద మంది హిమోగ్లోబిన్ చూసి డిగ్రీ పుచ్చుకుంది. వందే ఎందుకమ్మా అంటే, సీనియర్ వంద తీసింది సార్ అంది.

అవును, శాంపిల్ సైజు, ఎంతమందిని చూడాలన్న లెక్క. దాని మీద మీకు రేపు పూట పూటంతా క్లాసుంది, నేను చేయి పెట్టను. ఒక్క మాట. డేటా అంతా తెచ్చి బల్ల మీద పోసి, ఏదో ఒక టెస్టు వేసి పీ విలువ 0.05 కంటే తగ్గించండి సార్ అనే పీజీలను మీరందరూ చూశారు. నిజంగా తేడా ఏమీ లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె అది, 0.05 కంటే తగ్గితే పేపరుకు పనికొస్తుందని వాళ్ల ఆశ. కొందరు మీరు పంపినవాళ్లే. ప్రయోగం ముగిశాక స్టాటిస్టీషియన్ దగ్గరికి పోతే అతను చేయగలిగింది పోస్ట్‌మార్టమే అని గణాంక శాస్త్రవేత్త ఆర్. ఏ. ఫిషర్ 1938లో, ఇండియన్ స్టాటిస్టికల్ కాంగ్రెస్‌లో చెప్పాడు. మన దేశంలో చెప్పాడు, మనమే వినలేదు.

మళ్లీ అడగడం దగ్గరికి వస్తాను. మన కేస్ షీట్లలో జబ్బులన్నీ ఆరు నెలల నుంచే ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? రోగి "సానాళ్లయింది బాబూ" అంటాడు, మనవాడు ఆరు నెలలని రాస్తాడు. ఆ ఆరు నెలల మీద మనం సగటు తీస్తాం, పాయింటు తర్వాత రెండంకెలు కూడా వేస్తాం! తేదీలు గుర్తుండని మనిషికి గుర్తుండేవి వేరే ఉంటాయి. హుద్‌హుద్ తుపానుకి ముందా, తర్వాతా? మన ఊళ్లో ఆ 2014 అక్టోబరు 12 మర్చిపోయినవాళ్లుంటారా? సింహాచలం చందనోత్సవానికి ముందా? అమ్మాయి పెళ్లప్పటికి ఉందా? ఇలా అడిగితే ఏడాది దొరుకుతుంది, ఒక్కోసారి నెల కూడా దొరుకుతుంది. ఏ గుర్తులు వాడాలో సర్వే మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి. అడిగే నలుగురూ అవే వాడాలి. లేకపోతే అడిగిన మనిషిని బట్టి జవాబు మారుతుంది, మనం దాన్ని జబ్బులో తేడా అనుకుంటాం.

ఇది పుస్తకంలో చదివితే రాదు. రౌండ్స్‌లో మీరు అడిగి చూపిస్తే హౌస్ సర్జన్‌కి వస్తుంది. మీరు షీటు తిప్పకుండా సంతకం పెట్టేస్తే, వాడూ రేపు అసిస్టెంట్ ప్రొఫెసరై తిప్పకుండా సంతకం పెడతాడు.

టీ వచ్చేసినట్టుంది, వాసన తెలుస్తోంది. కొంచెం ఆగండి. మీ ఫైల్లో ఒక తెల్ల కాగితం ఉంది, తీయండి. పొగాకు అలవాటు గురించి రోగిని అడగాల్సిన ఐదు ప్రశ్నలు, మన తెలుగులో, అడిగే మాటల్లోనే రాయండి. ఒకరి కాగితం ఒకరికి చూపించకండి. మధ్యలో కూర్చున్న మా అటెండర్ గారు రోజుకు మూడు చుట్టలు కాలుస్తారు, పాపం ఒప్పుకున్నారు. ఇద్దరిద్దరు వెళ్లి, విడివిడిగా ఆయన్ని అడిగి జవాబులు రాసుకోండి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన చోట ఎర్రగీత గీయండి. రెండో సెషన్ ఆ గీతల దగ్గరే మొదలవుతుంది. ముందు వరుసలో ప్రొఫెసర్లు... సార్, మీరూ రాయాలి. పెన్ను లేదా? ఇదిగోండి. తిరిగి ఇచ్చేయాలి మరి.