యూనియన్ బెర్లిన్ స్టేడియం: అభిమానులు నిజంగా కట్టింది ఏమిటి?

నమస్తే. "బెర్లిన్‌లో అభిమానులే చేతులతో స్టేడియం కట్టేశారు" అనే రీల్ మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. అది కనబడ్డ ప్రతిసారీ నాకు చిరాకే. అబద్ధమని కాదు, సగమే చెప్పి అసలు గొప్ప సంగతి వదిలేస్తారని.

ఆ స్టేడియం కొత్తది కాదు. తూర్పు బెర్లిన్‌లోని కోపెనిక్ పేటలో, అడవి పక్కన, 1920 నుంచి ఉంది. పేరు ఆన్ డెర్ ఆల్టెన్ ఫోర్‌స్టెరై. యూనియన్ బెర్లిన్ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఆడేది ఇక్కడే. ఆ క్లబ్ ఇప్పటి పేరుతో 1966లో మొదలైంది. రెండు జర్మనీలు కలిశాక క్లబ్‌కు డబ్బు కష్టాలు పట్టుకున్నాయి. 2004లో లీగ్‌లో ఆడే లైసెన్స్ కోసం పెద్ద మొత్తం చూపించాల్సి వచ్చింది. అభిమానులు రక్తం ఇచ్చి, దానికి అక్కడ చేతికిచ్చే సొమ్మును క్లబ్‌కు కట్టారు. ఇది తెలిస్తే 2008లో జరిగింది వింతగా అనిపించదు.

(తెర మీద: గడ్డి మొలిచిన పాత మెట్లు)

జనం నిలబడి ఆట చూసే మెట్లు ఇవి. అంచులు రాలిపోతున్నాయి, సందుల్లో గడ్డి. ఈ స్థితిలో పై స్థాయి లీగ్ మ్యాచ్‌లకు అనుమతి కష్టం. బాగు చేయిద్దామంటే డబ్బు లేదు.

మన ఊళ్లో రామాలయం ఎలా లేస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఉన్నవాళ్లు చందా ఇస్తారు, లేనివాళ్లు ఇటుకలు మోస్తారు. కానీ గోడ కట్టేది మేస్త్రీ, విగ్రహం చెక్కేది శిల్పి. ఇక్కడా అంతే. నిపుణులు దగ్గరుండి చెబుతుంటే, 2 వేల మందికి పైగా అభిమానులు పాత మెట్లు పగలగొట్టారు, కాంక్రీట్ పోశారు, మూడు వైపులా కొత్త మెట్లు, పైకప్పు లేచేదాకా పనిచేశారు. మొత్తం సుమారు 1,40,000 గంటలు. అంటే సగటున ఒక్కొక్కరు 60, 70 గంటలు! ఉద్యోగాలున్నవాళ్లు సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. ఆ ఏడాది టీమ్ వేరే మైదానంలో ఆడుతూనే మూడో డివిజన్ గెలిచింది. 2009 జులైలో కొత్త మెట్ల మీద మొదటి మ్యాచ్, ఊళ్లోని పెద్ద క్లబ్ హెర్తాతో.

మరి నాలుగో వైపు? కుర్చీలున్న ప్రధాన స్టాండ్ అక్కడే ఉంది. రీల్స్ తప్పేది సరిగ్గా ఇక్కడే. 2013లో పూర్తయిన ఆ స్టాండ్ శ్రమదానం కాదు, కాంట్రాక్టర్లు కట్టారు. అభిమానులు ఇచ్చింది చందా. 2011లో స్టేడియం కంపెనీ షేర్లు ఒక్కోటి 500 యూరోలకు అమ్మితే 4 వేల మందికి పైగా కొన్నారు. ఒక మనిషి ఇన్నే కొనాలని హద్దు పెట్టారు. గుడికి పెద్ద చందా ఇచ్చిన ఆసామి రేపు "గుడి నాది" అనకూడదు కదా! నా దృష్టిలో మెట్లు కట్టడం కంటే ఈ హద్దు పెట్టడమే తెలివైన పని. కాంక్రీట్ ఎవరైనా పోయగలరు. క్లబ్ ఇల్లు ఒకరి జేబులోకి వెళ్లకుండా ముందే చూసుకున్న వాళ్లు ఎంతమంది?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. 2014 ప్రపంచ కప్‌కు జనం ఇళ్ల నుంచి సోఫాలు మోసుకొచ్చి మైదానంలో వేసుకుని పెద్ద తెర మీద మ్యాచ్‌లు చూశారు. 2019లో టీమ్ మొదటిసారి జర్మనీలో అన్నిటికన్నా పై లీగ్ అయిన బుండెస్‌లిగాకు చేరింది. 2023లో, యూరప్ మేటి క్లబ్‌లు తలపడే చాంపియన్స్ లీగ్ హోమ్ మ్యాచ్‌లు బెర్లిన్‌లోనే ఉన్న ఒలింపిక్ స్టేడియంలో ఆడింది, ఎందుకంటే ఇక్కడ పట్టేది 22 వేల మందే. అందులోనూ కుర్చీలు 4 వేల లోపే, మిగతావాళ్లంతా నిలబడే చూస్తారు.

ఇప్పుడు దాన్ని 40 వేలకు పెంచే పథకం ఉంది. ఎక్కువ టికెట్ ధర కోసం అంతా కుర్చీలతో నింపేయొచ్చు. అలా చేయకుండా అందులోనూ ఎక్కువ భాగం నిలబడే చోటే ఉంచారు. మీకైతే కుర్చీ కావాలా, మెట్టు కావాలా? కింద రాయండి.