సన్న నైలాన్ రెయిన్‌కోటు, టెంటు ఇంట్లనే రిపేర్: సూది, టేపు, సిలికాన్ ఏది పనికొస్తది?

నమస్తే అందరికి, హన్మకొండ నుంచి. ఇయ్యాల రివ్యూల మూడు సామాన్లున్నయ్, 11 నంబర్ సూది, అతికించే రిపేర్ టేపు, ట్రాన్స్‌పరెంట్ సిలికాన్ సీలెంట్. బొగత జలపాతం కాడికి బండి మీద పోయేటోళ్ల రెయిన్‌కోట్లు, మేడారం పోతే ఏసుకునే చిన్న టెంట్లు, బ్యాగు కవర్లు, ఇవి చిరిగితే సగం మంది పారేస్తరు, మిగిలినోళ్లు ఫెవిక్విక్ పెడ్తరు. అది మాత్రం పెట్టకుండ్రి, ఎండినంక గట్టిపడి మడత పెట్టంగనే పగుల్తది.

ముందుగల్ల సూది. నా దృష్టిల ఈ మూడిట్ల దీనికే ఎక్కువ మార్కులు. ప్యాంట్లు కుట్టే 16 నంబర్ సూది ఈ బట్టకు పెడితే ఒక్కో కుట్టు ఒక్కో బొక్క, నైలాన్ల పడ్డ బొక్క కాటన్ లెక్క మళ్ల పూడదు, గందుకే గుండుసూదులు గూడ వద్దు, క్లిప్పులు పెట్టుకోండి. ఇంట్ల ఉన్న మామూలు మెషిన్‌కే 11 నంబర్ కొత్త సూది, ఇంకా పల్చటిదైతే 9, దారం పాలిస్టర్‌దే, కాటన్ దారం నీళ్లు పీల్చుకొని మురుగుతది. కుట్టు 3 మిల్లీమీటర్లు పెట్టండి, మరీ దగ్గర దగ్గర కుడితే క్యాలెండర్ కాయితం చింపే గీత లెక్క అక్కడికే చిరుగుతది. ముడతలు పడ్తే మెషిన్ల దారం టెన్షన్ జర లూజ్ చేసి, బట్టను ముందల ఎనుక రెండు దిక్కుల పట్టుకొని నడపాలె. టక్ టక్ సౌండ్ వస్తుందంటే సూది మొద్దువారినట్టే, మార్చేయండి, దానికేం లక్షలు కావు.

కత్తిరించిన అంచు పోగులు లేస్తయ్ కదా, అగర్బత్తి నిప్పు అట్ల తాకీతాకనట్టు పోనిస్తే కరిగి అతుక్కుంటది. నైలాన్ 6 అయితే 220 డిగ్రీల దగ్గర కరుగుతది, ఇస్త్రీపెట్టె కాటన్ సెట్టింగ్ మీద పెట్టి రుద్దుదమనుకునేటోళ్లు జర ఆగుండ్రి.

టేపు సంగతి. కుట్టుకు దూరంగ, నడుమల చిరిగితే అసలు కుట్టకుండ్రి, స్పిరిట్‌తోని తుడిచి, మూలలు గుండ్రంగ కట్ చేసి, రెండు దిక్కుల అతికించండి. ఈ పనికి మంచిగుంది. కానీ బట్టకు రెండు పక్కల సిలికాన్ కోటింగ్ ఉంటే, అంటే చేతుల జారిపోయే రకం, టేపు నిలవదు, సిలికాన్‌కు సిలికానే పట్టుద్ది. ఒకపక్క పీయూ (పాలియురెథేన్) కోటింగ్ ఉన్నదాని మీదనేమో సిలికాన్ సీలెంట్ ఊడొస్తది, దానికి పీయూ సీమ్ సీలర్, అంటే కుట్ల మీద రాసేది, వేరే దొరుకుద్ది. ఏ రకమో తెల్వకపోతే కనపడని మూలకు సిలికాన్ సీలెంట్ ఓ చుక్క రాసి, ఎండినంక గోరుతోని గీకి చూడుండ్రి.

ఇగ సిలికాన్ సీలెంట్. దాంట్ల జర మినరల్ టర్పెంటైన్ కలిపి పల్చగ చేసి, సూది బొక్కలకెల్లి నీళ్లు రాకుండ కుట్టు పొడుగునా చిన్న బ్రష్‌తోని రాయాలె, డాబా మీదనే చెయ్యండి, అగర్బత్తి దగ్గర మాత్రం అస్సలొద్దు. ఒకరోజు ఎండనిచ్చి, మడత పెట్టేముందు పైన జర పౌడర్ చల్లండి, లేకుంటే ఒకదానికొకటి అతుక్కుంటది.