థెస్సలొనీకలో ఒక రాయి, ఒక గుమ్మటం

శ్రోతలకు నమస్కారం. చర్చికి వెళ్లే అలవాటున్నవాళ్లు 'థెస్సలొనీకయులకు వ్రాసిన పత్రిక' అన్న మాట ఎన్నోసార్లు విని ఉంటారు. ఆ ఉత్తరం అందుకున్న ఊరు ఇప్పటికీ ఉంది. గ్రీసులో ఏథెన్స్ తర్వాత పెద్ద నగరం అదే.

క్రీ.పూ. 315లో కసాండర్ అనే రాజు ఈ ఊరు కట్టించి, భార్య పేరు పెట్టాడు. ఆవిడ అలెగ్జాండర్‌కు సవతి చెల్లెలు. క్రీ.శ. 50 ప్రాంతంలో, ఆ ఉత్తరం రాసిన పౌలు ఇక్కడికి వచ్చి క్రీస్తు గురించి బోధిస్తే పెద్ద గొడవే అయింది. ఆయన దొరక్కపోయేసరికి, ఇంట్లో చోటిచ్చిన యాసోనును అధికారుల దగ్గరికి ఈడ్చుకుపోయారు. పాపం, అతిథి మీది కోపం ఇంటాయన మీద తీర్చుకున్నారు!

ఈ సంగతి బైబిల్లోని 'అపొస్తలుల కార్యములు'లో ఉంది. తెలుగులో 'పట్టణపు అధికారులు' అని ఉన్నచోట గ్రీకులో 'పొలిటార్కులు' అని ఉంటుంది. మిగతా గ్రీకు గ్రంథాల్లో ఆ పదం కనబడక, ఆ పుస్తకం రాసిన లూకా పొరబడ్డాడేమో అన్నవాళ్లున్నారు. ఈ ఊరి వర్దార్ ద్వారం 19వ శతాబ్దంలో పడగొట్టారు. దాని మీది శాసనం మొదలయ్యేదే ఆ పదంతో. కింద అధికారుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. ఆ రాయి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తర్వాత మాసిడోనియాలో అలాంటి శాసనాలు ఇంకా చాలా దొరికాయి. లూకా రాసింది సరిగ్గానే రాశాడన్నమాట.

నాకు మాత్రం ఇక్కడ అన్నిటికన్నా ఇష్టమైంది రొటుండా. గుండ్రటి కట్టడం, గోడల మందమే ఆరు మీటర్లకు పైన. 4వ శతాబ్దం మొదట్లో గలేరియస్ అనే రోమన్ చక్రవర్తి కట్టించాడు. 303లో మొదలైన క్రైస్తవుల వేటకు ఎగదోసినవాడిగా పేరుపడ్డది ఈయనే. చావుకు కొద్దిరోజుల ముందు, 311లో, ఆ వేట ఆపమని శాసనమిచ్చిందీ ఈయనే. చివరికి ఆయన కట్టిందే చర్చి అయి కూర్చుంది.

లోపల తల పైకెత్తి చూస్తే బంగారు రంగు మొజాయిక్‌లో అమరవీరులు చేతులు చాచి ప్రార్థిస్తూ కనిపిస్తారు. ఒక్కొక్కరి పక్కన పేరు, వృత్తి, స్మరించుకునే నెల రాసి ఉంటాయి. దమియాను వైద్యుడు. ఫిలెమోను పిల్లనగ్రోవి వాయించేవాడు. ఈ ఇద్దరూ రాజులూ మంత్రులూ కాదు, పని తెలిసిన మామూలు మనుషులు!

1590 ప్రాంతంలో టర్కీ పాలకులు దీన్ని మసీదు చేశారు. 1912లో ఊరు గ్రీకుల చేతికొచ్చింది. అయినా పక్కనున్న మినార్ అలాగే నిలబడి ఉంది. కాస్త దూరంలో గలేరియస్ విజయ తోరణం. స్థానికులు దాన్ని 'కమారా' అంటారు, వినడానికి మన 'కమాను'లాగే ఉంటుంది. ఊళ్లో ఎవరైనా కలుసుకోవాలంటే "కమారా దగ్గరికి రా" అంటారట.

2006లో మెట్రో కోసం తవ్వడం మొదలుపెడితే బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలపు రాతి వీధి, దాని పక్కన దుకాణాలు బయటపడ్డాయి. ఉంచాలా, తీయాలా అని ఏళ్ల తరబడి గొడవపడి, రాళ్లు విప్పి మళ్లీ అక్కడే పేర్చారు. 2024 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. వెనిజెలోస్ స్టేషన్లో దిగినవాళ్లు ఇప్పుడు ఆ పాత వీధిని చూసుకుంటూ బయటికి నడుస్తున్నారు.