నైరోబీ నుంచి దార్ ఎస్ సలాంకు 48 నిమిషాలా? దూరాల యాప్ రివ్యూ

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ యాప్ తయారుచేసినవాళ్లు నాకు ఏడాది చందా ఉచితంగా ఇచ్చారు. డబ్బు మాత్రం తీసుకోలేదు. ఫీచర్ల జాబితా మీరు ఇప్పటికే చూసి ఉంటారు, దాని జోలికి వెళ్లను. మూడు వారాలుగా నన్ను వేధిస్తున్నది ఒక్క అంకె. ఇదిగో, తెర మీద చూడండి. కెన్యా రాజధాని నైరోబీ నుంచి టాంజానియాలోని దార్ ఎస్ సలాంకు 670 కిలోమీటర్లు, విమాన ప్రయాణం 48 నిమిషాలు.

దూరం సరిగ్గానే ఉంది. ఆకాశంలో నేరుగా వెళ్తే అంతే. రోడ్డున నమాంగా దగ్గర రెండు దేశాల సరిహద్దు దాటి, అరూషా నగరం మీదుగా వెళ్తే 850 దాటుతుంది. ఈ రెండు దారులనూ వేర్వేరు రంగుల గీతలతో చూపించడం నాకు బాగా నచ్చింది. చిన్నప్పుడు బడి అట్లాసు మీద దారం పరిచి, దాన్ని స్కేలు పక్కన పెట్టి కొలిచేవాణ్ణి. నేను ఇంతకుముందు వాడిన యాప్ కూడా ఆ దారం చేసిన పనే చేసేది, రోడ్డు ఊసే ఎత్తేది కాదు.

మరి ఆ 48 నిమిషాలు ఎక్కడివి? 670ని 840తో భాగించి, 60తో హెచ్చవేయండి. అదే వస్తుంది! అంటే గేటు దగ్గర నిలబడి ఉన్న విమానం కూడా గంటకు 840 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క కట్టారు. పైకెక్కడానికి సుమారు ఇరవై నిమిషాలు, దిగడానికి మరో ఇరవై పైనే పడుతుంది. ఇంత చిన్న దారిలో పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే. రన్‌వే దాకా వెళ్లడం, దిగాక గేటుకు చేరడం కూడా కలిపితే గంటా ఇరవై నిమిషాల దాకా అవుతుంది. టికెట్ మీద వేసేది ఆ సమయమే.

ఇది చిన్న తప్పు అనుకోకండి. నేను ఈ అంకెనే నమ్మి, సాయంత్రం ఆరున్నర విమానమని, ఏడుంబావుకల్లా రమ్మని దార్‌లో ఉన్న మా బావగారికి ఫోన్ చేశాను. విమానం దిగేసరికే ఎనిమిది కావచ్చింది. వీసా ముద్ర వేయించుకుని బయటికి వచ్చేసరికి తొమ్మిది. సముద్రం పక్క ఊరు, ఉక్కపోత. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, మూడేళ్ల మేనకోడలు ఆయన భుజం మీదే నిద్రపోయింది. పాప చేతిలో నాకోసం తెచ్చిన జీడిపప్పు పొట్లం నలిగిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం చాలా బాధేసింది. మనవాళ్లు ఎదురుచూసే సమయం అది, భాగహారంతో తేల్చేది కాదు.

అందుకే ఆ అంకె సరిచేసేదాకా చందా కట్టమని మీకు చెప్పను.

దారి గీత మీద కొండల పేర్లు చూపించే ఫీచర్ మాత్రం అద్భుతం. దాన్ని చూసే తిరుగు ప్రయాణానికి పగటి విమానం ఎంచుకున్నాను. ఇది నేను తీసిన వీడియో. ముందు గరుకుగా, పళ్లు పళ్లుగా కనిపిస్తున్నది కిలిమంజారో పర్వతపు మావెంజీ శిఖరం. దాని వెనక బల్లపరుపుగా, అంచున మంచుతో ఉన్నది అదే పర్వతపు ఎత్తైన శిఖరం కిబో, 5895 మీటర్లు. కిలిమంజారో చూడాలంటే దార్‌కు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు, నైరోబీకి వచ్చేటప్పుడు ఎడమవైపు సీటు అడిగి తీసుకోండి.