చలికాలంలో ఈ ఊరికి దారి మూసుకుపోదు, తెరుచుకుంటుంది

ఉత్తర కెనడా అనగానే అందరిదీ ఒకటే మాట: "చలికాలం వస్తే పాపం బయటికి రాలేరు కదా!" వినీ వినీ విసుగొచ్చింది. కదలడానికి వీల్లేని రోజులు ఉంటాయి, నిజమే. కానీ అవి నడి చలికాలంలో రావు.

ఊరు మూసొనీ. ఒంటారియోలో, మూస్ నది ఒడ్డున, జేమ్స్ అఖాతానికి కాస్త ఎగువన. టొరంటోలో కారెక్కి పోదామనుకునే మనవాళ్ళకి ముందే చెప్తున్నా, ఆ ఊరిదాకా హైవే లేదు. కాక్రేన్ అనే ఊళ్ళో పోలార్ బేర్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు ఎక్కాలి. దాదాపు 300 కిలోమీటర్లు, 5 గంటలు. పట్టాలు వచ్చింది 1932లో. కారుని కూడా ఆ రైలు మీదే తెచ్చుకోవచ్చు.

ఎదురుగా దీవి, దాని మీద మూస్ ఫ్యాక్టరీ అనే ఊరు. బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ 1673లో వచ్చి దుకాణం పెట్టిందక్కడ. ఇక్కడి ఆదివాసులైన క్రీ ప్రజలు అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఉన్నారు. స్టేషనూ ఎయిర్‌పోర్టూ ఈ ఒడ్డున, ఆసుపత్రి ఆ దీవిలో! అంటే నది దాటడం రోజువారీ పని.

ఇప్పుడు పాలు తోడేశామనుకోండి. పాలుగా ఉన్నంతసేపు ఒంపుకోవచ్చు, పెరుగయ్యాక గరిటెతో తీసుకోవచ్చు. సగం తోడుకున్నప్పుడు? దేనికీ పనికిరాదు. వేసవిలో నది పాలు, పొడుగాటి మోటారు పడవలే టాక్సీలు. జనవరికి గట్టి పెరుగు, దాని మీద కార్లు! నడవడానికి సుమారు 10 సెంటీమీటర్ల మంచు చాలు, కారుకి 30 దాకా ఉండాలి. అసలు గండం నవంబరు, డిసెంబరు ప్రాంతంలో, తోడు వేసి వదిలేసిన ఆ రోజుల్లో. పడవకి గట్టిదనం ఎక్కువ, మనిషికి తక్కువ. అప్పుడు హెలికాప్టరే గతి. పైగా ఇక్కడిదాకా సముద్రపు పోటు వస్తుంది. అంటే తోడుకుంటున్న గిన్నెని ఎవరో రోజూ కదుపుతున్నట్టే, ఒడ్డు దగ్గర మంచు పగుళ్ళిస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. ఏప్రిల్, మే వచ్చేసరికి మన పెరుగు మళ్ళీ పాలవుతుంది (ఇది ఇంట్లో ప్రయత్నించకండి). గడ్డలు విరిగి, అడ్డంపడితే వరద. మళ్ళీ హెలికాప్టర్. చలికాలపు మంచు రోడ్డు మీద ఉత్తరాన ఫోర్ట్ ఆల్బనీ, అటవాపిస్కాట్ ఊళ్ళ దాకా లారీలు వెళ్తాయి, వేసవిలో ఆ దారే ఉండదు.

వెళ్ళాలనుంటే జులైలోనో ఫిబ్రవరిలోనో వెళ్ళండి. నవంబరు చివర్లో రైలైతే దింపుతుంది, దీవి మాత్రం ఒడ్డునుంచే చూడాల్సి రావచ్చు.