ఉద్యోగం కావాలా? అయితే పెళ్లి చేసుకో: ‘కైరో 30’ కథ

[తెర మీద: ఒక యువకుడు. వెనక గోడకు తగిలించిన జంతువు కొమ్ములు.]

ఈ ఈజిప్టు సినిమా ఫ్రేమ్ ఒక్క క్షణం ఆపి చూడండి. కొమ్ములు గోడకున్నాయి. కానీ కెమెరా పెట్టిన చోటు నుంచి చూస్తే అవి ఈ కుర్రాడి తల మీద మొలిచినట్టే ఉన్నాయి. మనం ‘నీకేమైనా కొమ్ములు మొలిచాయా’ అంటే, నువ్వేమైనా గొప్పోడివా అని అడగడం. ఈజిప్టులో అర్థం వేరు. అక్కడ కొమ్ములున్న మగాడంటే, భార్య ఇంకొకరితో ఉంటే పరువు పోగొట్టుకున్నవాడు. దర్శకుడు సలాహ్ అబూ సైఫ్ ఒక్క డైలాగ్ లేకుండా ఆ తిట్టు తిట్టేశాడు.

సినిమా పేరు ‘కైరో 30’. వచ్చింది 1966లో. కథ మాత్రం 1930ల నాటిది. రాజు పాలన, పైన బ్రిటిష్ వాళ్ల పెత్తనం. మూలం నజీబ్ మహ్‌ఫూజ్ నవల. అవును, 1988లో నోబెల్ అందుకున్న ఆయనే. ఆయన రచయితగా ఎంత పేరు తెచ్చుకున్నా, రిటైరయ్యేదాకా ప్రభుత్వ ఉద్యోగిగానే ఉన్నారు. అందుకే ఈ కథలో ఆఫీసు రాజకీయం అంత సహజంగా ఉంటుంది అనిపిస్తుంది నాకు.

హీరో, హీరో అనొచ్చో లేదో గానీ, మహ్‌జూబ్. పల్లె నుంచి కైరోకి చదువుకోవడానికి వచ్చిన పేద కుర్రాడు. తండ్రి మంచాన పడతాడు. నవల ప్రకారం ఇంటి నుంచి నెలకు 3 పౌండ్లు వచ్చేది కాస్తా 1 పౌండు అవుతుంది. డిగ్రీ చేతికొస్తుంది, ఉద్యోగం రాదు. సిఫారసు చేసేవాడు లేడుగా!

అతనికి ఒక ఊతపదం ఉంది: ‘తుజ్’. టర్కిష్‌లో ఆ మాటకు అర్థం ఉప్పు. ఈజిప్టు వాడుకలో మాత్రం ‘గాడిద గుడ్డేం కాదూ’ అన్నట్టు. నీతి? తుజ్. దేశం? తుజ్. వినడానికి పొగరుగా ఉంటుంది. పస్తులున్న కడుపుతో అంటున్నాడని గుర్తుపెట్టుకుని వింటే ఇంకోలా ఉంటుంది.

ఇక అసలు బేరం. సొంత ఊరివాడే అయిన సాలెం దారి చూపిస్తాడు. కాసిం బే (‘బే’ అంటే అప్పటి గౌరవ బిరుదు) అనే పెద్ద అధికారికి ఒక అమ్మాయితో సంబంధం ఉంది. ఆమెని పేరుకి పెళ్లి చేసుకో, ఉద్యోగం నీది. బేగారు వచ్చే రోజున మాత్రం నువ్వు ఇంట్లో ఉండకూడదు. మహ్‌జూబ్ ఒప్పుకుంటాడు. తీరా చూస్తే పెళ్లికూతురు ఇహ్‌సాన్, తన స్నేహితుడు అలీ తాహా ప్రేమించిన అమ్మాయి!

ఇహ్‌సాన్‌గా సుఆద్ హొస్నీ. ఈజిప్టు జనం ‘తెర మీద సిండ్రెల్లా’ అని పిలుచుకున్న నటి. ఆమె పాత్రని చెడ్డదిగా చూపించలేదు. ఇంటినిండా చిన్నపిల్లలు, కూతురి అందాన్ని పెట్టుబడిలా చూసే తల్లిదండ్రులు. నన్నడిగితే సినిమాలో బరువంతా ఆమె మొహంలోనే ఉంది. మహ్‌జూబ్‌గా హమ్దీ అహ్మద్ కూడా తక్కువేం కాదు. కొత్త సూటులో అద్దం ముందు నిలబడ్డా బెరుకు పోని మనిషిలా ఉంటాడు.

ఇక్కడ మన సినిమాల అలవాటుతో ‘పేదవాడు మంచోడు, డబ్బున్నోడు చెడ్డోడు’ అని లెక్కేసుకుంటే కుదరదు. బేగారు చెడ్డోడే, సందేహం లేదు. కానీ ఉద్యోగం వచ్చాక మంచాన పడ్డ తండ్రికి డబ్బు పంపడానికి ఈ కొడుక్కి చెయ్యి రాదు. కొత్త హోదా నిలబెట్టుకోవాలి కదా, అద్దె, బట్టలు, పార్టీలు! అబూ సైఫ్ దాన్ని సాకుగా చూపించడు, తిట్టడు కూడా. ఖర్చుల చిట్టా మన ముందు పెట్టి ఊరుకుంటాడు.

క్లైమాక్స్‌లో మహ్‌జూబ్, ఇహ్‌సాన్ ఉంటున్న ఫ్లాట్ తలుపు తడతారు. పిలవని అతిథులు ఇద్దరు. ఒకరు ఊరి నుంచి వచ్చిన మహ్‌జూబ్ తండ్రి. రెండోవారు బేగారి భార్య. ఆపైన ఏమవుతుందో నేను చెప్పను.