కుర్చీ ఖాళీగా ఎన్నాళ్ళు?

అందరికీ నమస్కారం. మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే దేశంలోని బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ, ఐఆర్‌డీఏఐ ఆఫీసు కనిపిస్తుంది. ఒక ప్రైవేటు బీమా కంపెనీ ముంబైలో ఉన్నా, చెన్నైలో ఉన్నా, కొత్త సీఈఓను పెట్టుకోవాలంటే ఫైలు అక్కడికి రావాల్సిందే. 1938 బీమా చట్టంలోని 34ఏ సెక్షన్ అదే చెబుతుంది. బోర్డు తీర్మానం చేసినా ముందస్తు అనుమతి లేకపోతే ఆ నియామకం చెల్లదు. జీతం మార్చాలన్నా అంతే. పక్కనే ఉన్న 34బీ ప్రకారం, పాలసీదారులకు నష్టం చేస్తున్నవాణ్ణి సంజాయిషీ అడిగి తప్పించేయవచ్చు కూడా. (ఎల్‌ఐసీకి వేరే చట్టం ఉంది, దాన్ని పక్కన పెడదాం.)

ఇంత అనుమానం ఎందుకంటారా? భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ చైర్మన్ రామకృష్ణ దాల్మియా, పాలసీదారుల సొమ్ము రెండు కోట్లకు పైగా షేర్ల స్పెక్యులేషన్‌కు మళ్ళించాడు. 1955లో ఎంపీ ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో ఆ గుట్టు విప్పాడు. 1956 జనవరి 19న జీవిత బీమా మొత్తం ఆర్డినెన్సుతో ప్రభుత్వం చేతికి వచ్చింది. పోనీ అంతటితో రోగం కుదిరిందా? ఏడాది తిరిగేసరికి, కొత్తగా పుట్టిన ఎల్‌ఐసీ డబ్బే వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల షేర్లలోకి వెళ్ళింది. అయితే అప్పటి వేగం చూడండి. 1958 జనవరిలో విచారణకు ఛాగ్లా కమిషన్ వేశారు, ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఇప్పుడు సహారా లైఫ్ అనే ప్రైవేటు బీమా కంపెనీ సంగతి చూద్దాం. 2017 జూన్‌లో ఐఆర్‌డీఏఐ అక్కడ కంపెనీని నడపడానికి తన తరఫున అడ్మినిస్ట్రేటర్‌ను కూర్చోబెట్టింది. జులైలో వ్యాపారాన్ని ఐసీఐసీఐ ప్రుడెన్షియల్‌కు అప్పగించమంది. సహారా అప్పీలుకు వెళ్ళింది, ఆ ఉత్తర్వు నిలవలేదు. చివరికి పాలసీలు ఎస్‌బీఐ లైఫ్‌కు మారింది 2023 జూన్‌లో. సుమారు రెండు లక్షల పాలసీలు ఆరేళ్ళు త్రిశంకు స్వర్గంలో వేలాడాయి. అప్పీలు హక్కు ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ ఆరేళ్ళూ ప్రీమియం కట్టాలా మానాలా అని తల పట్టుకున్న మనిషికి గడువు ఎవరు చెప్పారు?

కంపెనీలకైతే గడియారం గోడకే వేలాడుతోంది. 2024 నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో క్యాష్‌లెస్‌కు గంటలో జవాబు, డిశ్చార్జికి మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ అదనపు బిల్లు వాటాదారుల నిధి నుంచే కట్టాలి. బీమా ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్ తీర్పును 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు ₹5,000 కట్టాలి, అదీ ఫిర్యాదుదారుకే. ఇది నాకు బాగా నచ్చిన నిబంధన, ఏజెంట్లు మాత్రం కస్టమర్లకు చెప్పరు.

కంపెనీలో కీలక పదవి 180 రోజులకు మించి ఖాళీగా ఉండరాదని 2016 నుంచీ ఐఆర్‌డీఏఐ మాట. అదే ఐఆర్‌డీఏఐ చైర్మన్ కుర్చీ 2021 మే నుంచి 2022 మార్చి దాకా, అంటే పది నెలలు, ఖాళీగా ఉంది! ఆ నియామకం కేంద్రానిది, తప్పు ఇక్కడి ఆఫీసుది కాదు. 2025లో మళ్ళీ అదే కథ, కొన్ని నెలలు.

నేను అడిగేది చిన్న సవరణ. అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టే ఉత్తర్వులోనే, పాలసీదారుల భవిష్యత్తు ఏ తేదీలోగా తేలుస్తారో రాయండి. ఆ తేదీ దాటితే ఎందుకు దాటిందో పాలసీదారుకు ఉత్తరం రాయండి, తెలుగువాడికైతే తెలుగులో.